నైవేద్యానికి ముందు ఒక చుక్క

సిద్ధార్థి సంవత్సరం ఆషాఢంలో నాకు ఉద్యోగం వచ్చింది, మా అత్తయ్యకు వాసన పోయింది. రెండూ ఒకే నెలలో బయటపడ్డాయి కాబట్టి ఇప్పటికీ ఒకటి తలుచుకుంటే రెండోది గుర్తొస్తుంది.

ఉద్యోగమంటే పెద్దదేమీ కాదు. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళ పేటలో చిన్న బడి. అక్కడి టీచరమ్మ పురిటి సెలవు మీద పోతే, కార్తీకం దాకా ఆమె స్థానంలో నన్ను వేసుకున్నారు. పండగ సెలవులు తీసేస్తే నాలుగు నెలలు కూడా రావు. కానీ ఆదోనిలో కొండ కింద ఆ రాతిమిద్దెలో మూడేళ్ళు కోడలిగా కూర్చున్నదానికి అదే పదివేలు. నేను అసలే ఒకచోట కుదురుగా ఉండలేని మనిషిని. ట్రైనింగు పాసైన సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకుని, పొద్దస్తమానం కాలుగాలిన పిల్లిలా పెరట్లోకీ వాకిట్లోకీ తిరుగుతుంటే మా ఆయన శ్రీపాదరావు నవ్వేవాడు. ఆయన జిన్నింగు మిల్లులో గుమాస్తా. పొద్దున్నే పోవడానికి ఒక చోటు ఉన్నవాళ్ళకు నవ్వు సులువుగా వస్తుంది.

మామయ్య భీమసేనరావు గారు బడిలో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. ఉద్యోగం మాట ఎత్తితే కోప్పడతారనుకున్నాను. పంచాంగం మూసి కాసేపు ఆలోచించారు.

"పోతే పో. కానీ చాతుర్మాస్యం వస్తాంది. దేవుని మడివంట మీ అత్తయ్య ఒక్కతే చేసుకోగలిగినన్నాళ్ళు పో. ఆమెకు చేతగానినాడు నువ్వు బడి మానుకోవాల. సమ్మతమేనా?"

సమ్మతం కాకపోవడమేమిటి. అత్తయ్య సరస్వతీబాయి నలభై ఏళ్ళుగా ఆ పొయ్యి దగ్గర ఉంది. ఆమెకు చేతకాని రోజు రావాలంటే నేను ముసలిదాన్నవ్వాలి అనుకున్నాను.

మా మాధ్వుల ఇళ్ళల్లో తొలి ఏకాదశి దాటాక నాలుగు నెలల పాటు నెలకొకటి వదిలేస్తాం. మొదటి నెల కూరగాయలు, ఆకులు, చింతపండు, మిరపకాయ ఏవీ ఇంట్లోకి రావు. రెండో నెల పెరుగు ఉండదు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు. మొదటి నెలలో ఇంటిని నిలబెట్టేది సారు. చారును మేం సారంటాం. పెసరపప్పు కట్టు, మిరియాలు, జీలకర్ర, పులుపుకు మామిడి వరుగు, పైన ఒక చుక్క నెయ్యి. వేడి అన్నంలో అది పోసుకుంటే జ్వరం వచ్చినవాడు లేచి కూర్చుంటాడు, అలిగినవాడు పీట మీదికి వస్తాడు. అది కుదరకపోతే మాత్రం ఆ నెలంతా నోటికి ఏమీ ఉండదు.

కుదిరించడం అంత సులువూ కాదు. దేవుడికి పెట్టకముందు వంట రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. భోజనానికి కూర్చున్నాక ఉప్పు అడగకూడదు, విస్తట్లో పచ్చి ఉప్పు వడ్డించడం నిషేధం. బాగాలేదని అనకూడదు, నైవేద్యమైనదానికి వంక పెట్టినట్టు. ఇన్ని కూడదుల మధ్య అత్తయ్య వాసనతో ఉప్పు వేసేది. సారు పొంగు రాబోయే ముందు కొంచెం వంగి ఒక్క ఊపిరి పీల్చి, "పడాల" అనో "చాలు" అనో తనకు తనే చెప్పుకునేది. వాసన చూడడం కూడా ఎంగిలి కిందికే వస్తుందని మామయ్య అప్పుడప్పుడు శాస్త్రం చెప్పేవారు. "అయితే ముక్కు తీసి గూట్లో పెట్టి రానా వంటింట్లోకి?" అనేది ఆమె.

ద్వాదశి పొద్దున నేను పెరట్లో తులసి దగ్గర ముగ్గు వేస్తున్నాను. మాడు వాసన ఘుప్పున వచ్చింది. లోపలికి పరుగెత్తాను. గరిటెలో జీలకర్ర బొగ్గైపోయింది. పక్కనే నిలబడి అత్తయ్య అన్నం ఎసరు చూసుకుంటోంది, నింపాదిగా.

"అత్తయ్యా, జీలకర్ర మాడింది."

ఆమె తిరిగి చూసింది. చూసినాక తెలిసింది ఆమెకు. "ఆఁ, చూస్తానే ఉండా" అని గరిటె దించింది.

ఆ రోజు సారులో ఉప్పు లేదు. అసలు లేదు. మామయ్య, శ్రీపాదరావు పీటల మీద కూర్చుని తిన్నారు. మా ఆయన మూడు చెంబుల నీళ్ళు తాగాడు. మామయ్య దోసిలి పట్టి, "ఇంకొంచెం పొయ్యి" అని రెండోసారి పోయించుకున్నారు. ఈయనకు నాలుక ఉందా లేక దాన్ని కూడా దేవుడికి సమర్పించారా అని నేను పళ్ళు కొరుక్కున్నాను.

మరుసటి రోజు సారు ఉప్పుకషాయం. ఆ మరుసటి రోజు మళ్ళీ చప్పన. వైశాఖంలో అత్తయ్యకు పది రోజులు జ్వరం వచ్చి తగ్గింది. ఆ జ్వరంలో ఆమె ఏం పోగొట్టుకుందో ఇప్పుడు నాకు అర్థమైంది; చింతపండు, మిరపకాయ ఉన్నన్నాళ్ళు వాటి ఘాటు చాటున అది బయటపడలేదు. పూజకు తెచ్చిన సంపెంగలు ఆమె పక్కనే పెట్టి చూశాను. తల తిప్పలేదు. ఆ ఉప్పుకషాయం తన విస్తట్లో పోసుకుని తిన్నా ఆమెకు తేడా తెలియలేదు.

సోమవారం బడిలో చేరాను. బస్టాండు దాకా మా ఆయన తోడు వచ్చాడు.

"అమ్మ చేయి తప్పుతాంది గదా గోదావరీ" అన్నాడు దారిలో.

"మీ నోరే బాగలేదేమో."

"జ్వరం వచ్చింది అమ్మకు. నాకు గాదు."

"అయితే నోరు మూసుకొని తినండి. మామయ్యతో ఒక్క మాటన్నారంటే నేను ఊరుకోను."

ఆయన నన్ను వింతగా చూశాడు. నేను అత్తగారి పరువు కాపాడుతున్నానని అనుకున్నాడేమో పాపం. నేను కాపాడుకుంటున్నది నా బస్సు.

ఆ వారమంతా ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. పొద్దున మిల్లు కూత వినగానే లేచి స్నానం, మడిచీర, అత్తయ్యకు సాయం. ఎనిమిదింటికి చీర మార్చుకుని బస్సుకు పరుగు. మామయ్య పూజ ముగించి నైవేద్యం పెట్టేసరికి పదిన్నర అయ్యేది. అప్పటికి నేను ఎమ్మిగనూరులో పిల్లలకు ఎక్కాలు చెప్తూ, అక్కడ ఆదోనిలో ఈ పూట సారు ఎలా ఉందో, మామయ్య ఇవాళ ఏమన్నారో అని గిజగిజలాడేదాన్ని. సాయంత్రం వచ్చి నా వంతు అన్నం తింటే ఎలా ఉందో తెలిసేది. ఒక్క రోజూ బాగాలేదు.

బడి ఎదురింట్లో గిరిజమ్మ ఉండేది. వాళ్ళది గుంతమగ్గం. మొగుడు నేస్తాడు, ఆమె పడుగుకు గంజి కాస్తుంది. మధ్యాహ్నం నేను వేపచెట్టు నీడన అటుకులు, బెల్లం నములుతుంటే చూసి పిలిచింది.

"టీచరమ్మా, దినామూ ఆ అటుకులేనా? ఉగ్గాని సేసినా, రా."

"వద్దు గిరిజమ్మా. మా ఇంట్లో ఈ నెల మిరపకాయ ముట్టము."

"మీ ఇల్లు ఆదోనిలో ఉండాది. ఇది ఎమ్మిగనూరు."

అంత న్యాయంగా చెప్తే కాదనడం నాకు రాలేదు. నానిన బొరుగుల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పుట్నాలపొడి. వారం తర్వాత నోటికి ఉప్పూకారం సరిగ్గా తగిలేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఆమె కారానికే అనుకుని నీళ్ళచెంబు ఇచ్చింది. ఎవరికైనా చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను. మొత్తం చెప్పేశాను.

గిరిజమ్మ గంజి కలిపే కట్టె చేతిలో పట్టుకునే విన్నది.

"రుసి సూడకుండా వండేదేందమ్మా? ఈ గంజి సూడు, నూలుకు పెట్టేది. దీన్ని గూడా ఒక సుక్క నాలిక మీద ఏసుకొని సూస్తా, జిగురు తెలియాల గదా. నూలుకే సూస్తే మనుషులకు సూడొద్దా?"

"దేవుడికి పెట్టేది గిరిజమ్మా."

"ఉప్పు లేని కూడు పెడితే ఆయప్పకు మాత్రం బాగుంటాదా?"

ఆమె మాట పట్టుకుని బస్సులో ఆదోని దాకా నాతో నేను పోట్లాడుకుంటూ వచ్చాను. దిగేసరికి ఆమే గెలిచింది.

మరుసటి రోజు అత్తయ్య మడినీళ్ళ కోసం పెరటి బావికి పోయినప్పుడు, నేను దేవుడి గది వైపు వీపు పెట్టి, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, గరిటెతో ఒక చుక్క సారు అరచేతిలో పోసుకుని నాకాను. చప్పన. రెండు చిటికెళ్ళు ఉప్పు వేసి కలిపాను. చేయి కడుక్కుని మామూలుగా నిలబడ్డాను.  ఆ సాయంత్రం తిన్న సారు మా అత్తయ్య పాత సారు. కళ్ళు మూసుకుంటే మిరియం ఘాటు వెనకాల మామిడి పులుపు, ఆ వెనకాల నెయ్యి.

అప్పటి నుంచి రోజూ అదే పని. తక్కువైతే ఉప్పు, ఎక్కువైతే పెసరకట్టు. రెండు బిందెల నీళ్ళు తోడి తెచ్చేంత సేపు నాది. నేను భయపడ్డాను, సిగ్గుపడ్డాను, అయినా మానలేదు. నలభై ఏళ్ళు నిష్ఠగా వండిన మనిషి చేతి మీదుగా దేవుడికి నా ఎంగిలి పోతోంది. అదీ నాలుగు నెలల ఉద్యోగం కోసం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పత్తిచేలు చూస్తూ, ఇవాళే ఆఖరు అనుకునేదాన్ని. మరుసటి పొద్దున మళ్ళీ అరచేయి పట్టేదాన్ని.

అత్తయ్య మాత్రం రోజురోజుకూ తేటపడింది. పొయ్యి దగ్గర కన్నడ దాసరపదాలు పాడుకునేది. ఒక ఆదివారం పప్పు ఏరుతూ, "ఈ వ్రతాలు అయినాక మంత్రాలయం పోయి రాయరికి నూటెనిమిది ప్రదక్షిణలు చేయాల గోదావరీ. మొక్కు ఉండాది" అన్నది.

"ఏం మొక్కు అత్తయ్యా?"

"చెప్తే ఫలం పోతాది."

శ్రావణం వచ్చింది. కూరలు లేని నెల అయిపోయి పెరుగు లేని నెల మొదలైంది. చింతపండు, మిరపకాయ, కరివేపాకు తిరిగి ఇంట్లోకి వచ్చాయి. మంత్రాలయం స్వామి రాయర ఆరాధన రోజు మా ఇంట్లో అయిదుగురు బ్రాహ్మణులకు భోజనం పెట్టడం ఆనవాయితీ. నేను ఆ రోజుకు సెలవు అడిగితే హెడ్మాస్టరు జయన్న తలగోక్కున్నాడు.

"పండగ గదా, ఉండు తల్లీ. కానీ మర్నాడు ఇన్‌స్పెక్టరు వస్తాన్నాడు. ఆ పొద్దు మాత్రం తప్పొద్దు. నీ క్లాసు ఖాళీగా ఉంటే నేనేం చెప్పలేను, ఇంకొకర్ని ఏసుకోమంటాడు."

ఆరాధన నాడు ఇల్లంతా హడావుడి. పెద్ద గుండిగలో కందిపప్పు సారు పొంగుతోంది. అత్తయ్య బిందె తీసుకుని బావికి పోయింది. నేను గరిటె ముంచి, చుక్క అరచేతిలో పోసుకుని, నోటి దగ్గర పెట్టుకున్నాను.

అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే గడప మీద అత్తయ్య, నీళ్ళ బిందెతో. అతిథులు వస్తున్నారని ఆ రోజు శ్రీపాదరావు మడితో నీళ్ళు తోడి గట్టు మీద సిద్ధంగా పెట్టాడట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఆమె బిందె దించింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నది. గొంతు మామూలుగానే ఉంది. తిట్టినా బాగుండేది.

"నెల కావస్తాంది."

"దినామూనా?"

తల ఊపాను. "జీలకర్ర మాడిన నాడు తెలిసింది అత్తయ్యా, మీకు వాసన..."

"నేనెవరికీ చెప్పలేదే" అన్నది. చాలాసేపు గుండిగనే చూసింది. తర్వాత చీరకొంగు చేతికి చుట్టుకుని దాన్ని దించి, "ఇది ఆ మూలకు పెట్టు. దేవునికి పనికిరాదు. నువ్వు బయటికి పోయి విస్తళ్ళు వెయ్యి" అన్నది.

"ఒక్కరే ఎట్ల చేస్తారు, నేను..."

"పో."

మిగిలిన గంటలో ఆమె ఒక్కతే ఇంకో గుండిగ ఎక్కించింది. నేను విస్తళ్ళు వేస్తూ వంటింటి వైపు చూస్తూనే ఉన్నాను. దాసరపదం వినిపించలేదు.

నైవేద్యమైంది. అయిదుగురూ కూర్చున్నారు. వాళ్ళతో పాటు వరసలో మొదట మామయ్య, చివర మా ఆయన. సారు నేనే వడ్డించాను. మఠం నుంచి వచ్చిన పెద్దాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. మింగి, నీళ్ళు తాగి, మళ్ళీ ముద్ద కలిపాడు. పక్కాయనా అంతే. ఎవరూ తల ఎత్తలేదు. చెంబులు మాత్రం ఖాళీ అవుతున్నాయి. శ్రీపాదరావు నా వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. అత్తయ్య ఉప్పు రెండుసార్లు వేసిందని నాకు అర్థమైంది.

అప్పుడు మామయ్య దోసిలి పట్టారు.

"సారు పొయ్యమ్మా."

 కొద్దిగా పోశాను.

"ఇంకొంచెం."

పోశాను. ఆయన కళ్ళు మూసుకుని ఆ ఉప్పుసముద్రాన్ని గుటగుటా తాగి, పైపంచెతో మూతి తుడుచుకున్నారు.

అందరూ తాంబూలాలు తీసుకుని వెళ్ళాక మేమిద్దరం వంటింట్లో కూర్చున్నాం. అత్తయ్య తన విస్తట్లో కొత్త సారు పోసుకుంది. నాకు మూలనున్న గుండిగ చూపించి, "నీది నువ్వు పోసుకో" అన్నది. నాలుగు ముద్దలు తిన్నాక అడిగింది.

"సారు ఎట్లుండె?"

"బాగుండె అత్తయ్యా."

"మీ మామయ్య రెండుసార్లు అడిగినారు."

"బాగుండబట్టే గదా."

అత్తయ్య చేయి విస్తట్లోనే ఆగింది.

"నలభై ఏండ్లు కాపురం చేస్తాండా. వంట బాగుంటే ఆయన ఒక్కసారే పోయించుకుంటారు. చెడితే రెండుసార్లు అడుగుతారు, నేను నొచ్చుకుంటానని. పెండ్లైన కొత్తలో నేను అన్నం మాడ్చినప్పుడు మొదలుపెట్టినారు. అది నాకు తెలుసని ఆయనకు తెలియదు."

నేను తినడం మానేశాను.

"వ్రతం పట్టిన వారమంతా దినామూ రెండుసార్లు అడిగినారు. నాకు ప్రాణం పోయినట్లాయె. ఈ చేయి కూడా పోతే నాకింక ఈ ఇంట్లో ఏం పని? రాయరికి మొక్కుకున్నా. మొక్కిన రెండోనాడు ఒక్కసారే పోయించుకున్నారు. ఆ మరునాడూ ఒక్కసారే. వాసన రాకున్నా నా చేయి నాకు తిరిగొచ్చిందనుకున్నా గోదావరీ. నెలంతా అదే అనుకున్నా."

మళ్ళీ ముద్ద కలుపుతూ, "అది నువ్వు" అన్నది.

నా కళ్ళనీళ్ళు ఆగలేదు. మంచిదాన్నని ఆమె అనుకుంటుందేమోనని ఇంకా భయమేసింది. "మీ కోసం చేయలేదు అత్తయ్యా. మీకు చేతగాదని తెలిస్తే మామయ్య నన్ను బడి మాన్పిస్తారని చేసినా. నా కోసమే చేసినా" అని చెప్పేశాను.

 "తిను, చల్లారిపోతాది" అని తన విస్తట్లో ఉప్పు సారు ఆఖరి ముద్ద దాకా తిన్నది. ఆమెకు అది ఎలా ఉందో తెలియదు. తినడం చూస్తున్న నాకు తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను. అటుకుల డబ్బా సర్దలేదు. మడిచీర కట్టుకుని వంటింట్లోకి పోయి ఒక పక్కన నిలబడ్డాను. మామయ్య పెరట్లో స్నానం చేస్తూ స్తోత్రం చదువుతున్నారు. పొయ్యి మీద చిన్న గుండిగలో సారు పొంగుకు వస్తోంది.

"డబ్బా యాడ?" అన్నది అత్తయ్య.

"పోను అత్తయ్యా. బడి చాలిస్తా. వంట నేను నేర్చుకుంటా."

"ఈ పొద్దు ఇన్‌స్పెక్టరు వస్తాడంటివి గదా."

"రానీ. ఇంకొకర్ని వేసుకుంటారు."

ఆమె నా ముఖం కేసి చూసింది. మూడేళ్ళలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, లేచి, దేవుడి గది దగ్గరికి నడిచింది. తలుపు రెండు రెక్కలూ దగ్గరికి వేసి గడియ పెట్టింది. పొద్దున పూట ఆ తలుపు మూయడం నేను ఆ ఇంట్లో అదే మొదటిసారి చూడడం. తిరిగి వచ్చి గరిటె అందుకుంది.

"చేయి పట్టు."

"అత్తయ్యా, ఎంగిలి..."

"దేవునికి నేను చెప్పుకుంటా. నలభై ఏండ్లు వండి పెట్టినా, ఒక్క మాట వినడా. నువ్వు పట్టు."

అరచేయి చాపాను. వేడి చుక్క పోసింది. నాలుకకు తగిలించుకున్నాను.

"నిజం చెప్పు."

"చప్పగా ఉండాది అత్తయ్యా."

ఉప్పుజాడీలో చేయి పెట్టి చిటికెడు వేసి కలిపింది. మళ్ళీ పోసింది.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం పడాల."

వేసింది. మళ్ళీ పోసింది.  చాలని తల ఊపాను.

"అయితే పో. బస్సు పోతాది."

చేయి కడుక్కుని, చీర మార్చుకుని, దొరికిన అటుకులు కొంగున కట్టుకుని పరుగెత్తాను. వాకిలి దాటుతుంటే లోపల దేవుడి గది గడియ తీసిన చప్పుడు వినిపించింది.